నొప్పి తగ్గిన ఆదివారం



ఈ వారం వాక్యంతో పాటు కొంత చరిత్ర కూడా చెప్పుకుందాం. ఆ చరిత్ర మన ఇందుకూరుపేట మండలంలోనే మొదలవుతుంది. చివర్లో మా సేవలో జరిగిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాము.

పెన్నా ఒడ్డున పల్లిపాడులో ఉన్న పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. పొణకా కనకమ్మ గారు దానికి భూమి ఇచ్చారు. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య గారు దాన్ని నిలబెట్టారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి స్నేహితుడైన పార్సీ రుస్తుంజీ గారు కట్టడానికి డబ్బు ఇచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి ఆ ఆశ్రమాన్ని ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్ళు. అది జరిగి మూడేళ్ళు తిరగకముందే ఆయన చావు గడప దాకా వెళ్ళి వచ్చారు. ఆ సంగతి మన ప్రాంతంలో అంతగా చెప్పుకోరు.

గాంధీగారికి వైద్యులన్నా ఆసుపత్రులన్నా మొదటి నుండి పెద్ద నమ్మకం లేదు. 1909లో రాసిన 'హింద్ స్వరాజ్'లో ఆయన వైద్యవృత్తిని గట్టిగానే విమర్శించారు. మనిషి అతిగా తిని అజీర్ణం తెచ్చుకుంటాడు, డాక్టరు మాత్ర ఇస్తాడు, నొప్పి తగ్గగానే మళ్ళీ అతిగా తింటాడు, మాత్ర లేకపోతే కనీసం బుద్ధి తెచ్చుకునేవాడు కదా అన్నది ఆయన వాదం. మట్టిపట్టీలు, నీటి చికిత్స, ఉపవాసం, మితాహారం, ఇవే ఆయన నమ్మిన వైద్యం. అందులో మంచి లేదని మేము అనడం లేదు. ఈ రోజుల్లో మన ఇళ్ళలో షుగరు, బీపీ పెరుగుతున్న తీరు చూస్తే మితంగా తినమన్న ఆ మాట మనకూ అవసరమే.

అయితే 1924 జనవరిలో ఏం జరిగిందో చూడండి. రెండేళ్ళ క్రితం, 1922 మార్చిలో ఆయనకు ఆరేళ్ళ శిక్ష పడింది. పూనా దగ్గర యెరవాడ జైలులో ఉన్నారు. అక్కడ కడుపునొప్పి మొదలైంది. సివిల్ సర్జన్ కల్నల్ మాడక్ పరీక్ష చేసి, ఇది అపెండిక్స్ వాపని, ఆలస్యం చేయకూడదని తేల్చారు. జనవరి 12, శనివారం, ఆయన్ని పూనాలోని ససూన్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. బొంబాయి నుండి తనకు తెలిసిన డాక్టర్లు రావాలని గాంధీగారికి ఉంది. కానీ వాళ్ళు వచ్చేదాకా ఆగేంత సమయం లేదు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. రోగి తెల్లదొరల ప్రభుత్వానికి ఖైదీ. కత్తి పట్టుకునేవాడు ఆ ప్రభుత్వపు డాక్టరు. ఏదైనా జరగరానిది జరిగితే దేశం భగ్గుమంటుంది. అందుకని పూనాలోనే ఉన్న వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి గారిని పిలిపించారు. ఈ ఆపరేషన్‌కు తాను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నానని, ఈ డాక్టర్ల మీద తనకు నమ్మకం ఉందని ఒక కాగితం రాయించి గాంధీగారు సంతకం పెట్టారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మధ్యలో కరెంటు పోయింది. చివరికి హరికేన్ లాంతరు వెలుగులో పని పూర్తి చేశారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఆయన్ని బేషరతుగా విడుదల చేసింది.

అప్పటికి పెన్సిలిన్ వాడుకలోకి రాలేదు. అది రోగులకు అందింది 1940లలోనే. అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకితే 1924లో బ్రతికినవాళ్ళు తక్కువ. గాంధీగారు సోమవారం దాకా ఆగి ఉంటే ఆ తర్వాతి చరిత్ర వేరుగా ఉండేదేమో. ఉప్పు సత్యాగ్రహం 1930లో, క్విట్ ఇండియా 1942లో. ఆ శనివారం రాత్రి చేసిన త్వరపాటు దేశానికి ఆయన్ని మరో 24 ఏళ్ళు ఇచ్చింది.

తర్వాత గాంధీగారు ఆ ఆపరేషన్‌కు ఒప్పుకోవడం తన బలహీనతే అన్నట్టు రాశారు. బ్రతకాలన్న కోరిక తనలో ఇంకా మిగిలి ఉందని ఒప్పుకున్నారు. ఆయన మీద ఉన్న గౌరవం అలాగే ఉంచుకుని, ఈ ఒక్క మాటతో మేము ఏకీభవించలేము. దేవుడిచ్చిన ప్రాణాన్ని కాపాడుకోవాలనుకోవడం బలహీనత కాదు. అయితే ఆయన నిజాయితీ మాకు నచ్చుతుంది. తన నమ్మకం ఒకటి, ఆ రాత్రి చేసింది ఒకటి. ఆ తేడాను ఆయన దాచలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఈ జబ్బు విషయంలో పెద్ద పెద్ద డాక్టర్లే పొరబడిన కాలం ఒకటి ఉంది. లండన్‌లో సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే పేరు మోసిన సర్జన్ ఉండేవారు. అపెండిక్స్ విషయంలో ఆ దేశంలో ఆయన మాటే చెల్లుబాటు. వెంటనే కొయ్యకూడదు, కొన్ని రోజులు ఆగాలి, వాపు దానంతట అది చల్లబడ్డాక ఆపరేషన్ చేయాలి అని ఆయన బోధించేవారు. 1900లో ఆయన సొంత కూతురు హెట్టీకి అదే జబ్బు వచ్చింది. సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన తండ్రి ఇంట్లోనే ఆ అమ్మాయి చనిపోయింది.

రెండేళ్ళ తర్వాత, 1902 జూన్‌లో, ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి లండన్ ముస్తాబైంది. ఆయన అప్పట్లో మన నెల్లూరుకు కూడా చక్రవర్తే. మన దేశం నుండి కూడా రాజులు, సిపాయిలు ఓడలెక్కి వెళ్ళారు. ముహూర్తం జూన్ 26. దానికి ముందే రాజుకు కడుపునొప్పి, జ్వరం పట్టుకున్నాయి. అయినా సరే పట్టాభిషేకం ఆపేది లేదని రాజు పట్టుబట్టాడు. ట్రీవ్స్ గారు ఈసారి ఆగలేదు. పట్టాభిషేకం కోసం ఆగితే రాజు శవంగానే గుడికి వెళ్ళాల్సి వస్తుందని ఉన్నమాట చెప్పారు. జూన్ 24న రాజభవనంలోనే ఆపరేషన్ చేసి చీము తీసేశారు. వచ్చిన అతిథులందరినీ, వండిన విందులన్నిటినీ పక్కనపెట్టి వేడుక వాయిదా వేశారు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. కూతురు విషయంలో నేర్చుకున్న పాఠం ఆయన చేతిలో ఉందని మేము అనుకుంటాము. ఒక తండ్రి ఆ పాఠానికి ఎంత వెల ఇచ్చాడో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మన తెలుగువాళ్ళు ఈ జబ్బుకు ఏం పేరు పెట్టారో మీకు తెలుసు. ఇరవై నాలుగు గంటల నొప్పి. చదువు లేకపోయినా మన పెద్దలకు ఇది గంటల లెక్కలో ఉండే జబ్బని అర్థమైంది. ఆ గంటలన్నీ మనం ఎక్కడ పోగొట్టుకుంటున్నామన్నదే మా ప్రశ్న. గ్యాస్ అంటాము. వాము నమిలిస్తాము. సోడా తాగిస్తాము. దిష్టి తీస్తారు కొందరు. ఆముదం తాగించేవాళ్ళు కూడా ఉండేవారు. అపెండిక్స్ వాచిన కడుపుకు విరేచనాల మందు ఇస్తే అది పగిలే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇవన్నీ లోకస్థులు చేసే పనులని మనం అనుకోవచ్చు. విశ్వాసుల ఇళ్ళలో ఆ గంటలు ఎలా పోతాయో ఇప్పుడు చెబుతాము.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడికి శనివారం సాయంత్రం కడుపునొప్పి వచ్చింది. తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా. ముందు బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. రాత్రికి అది కుడివైపు కిందికి దిగింది. అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి అయింది. మాకు ఫోన్ చేశారు. మేము వెంటనే వెళ్ళాము. నూనె రాసి ప్రార్థన చేశాము. తల్లి ఏడుస్తుంటే ధైర్యం చెప్పాము. ఆసుపత్రికి వెళ్ళవద్దని మేము అనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. ఆ రెండో మాట మాకు తట్టనే లేదు.

ఆదివారం తెల్లవారుజామున ఆ పిల్లవాడికి నొప్పి తగ్గింది. ఒక్కసారిగా తగ్గింది. ఆరాధనలో తల్లి లేచి సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టి దేవుని స్తుతించింది. మేము ఆ రోజు ప్రసంగం కూడా పక్కనపెట్టి స్వస్థత గురించే మాట్లాడాము. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి జ్వరం పెరిగింది. కడుపు చెక్కలా బిగుసుకుంది, ముట్టుకుంటే అరిచాడు. సోమవారం ఉదయం నెల్లూరు తీసుకెళ్ళాము. లోపల అపెండిక్స్ పగిలిందని, బహుశా నొప్పి తగ్గినప్పుడే పగిలి ఉంటుందని డాక్టరు చెప్పారు. వాచి బిగిసి ఉన్న సంచి పగిలితే లోపలి ఒత్తిడి పోయి కాసేపు హాయిగా ఉంటుందట. ఆ తర్వాత చీము పాకడం మొదలవుతుంది. అంటే మేము ఏ గంటలో స్తోత్రం చెప్పామో ఆ గంటలోనే ఆ బిడ్డ కడుపులో విషం పాకుతూ ఉంది.

దేవుని కృప వల్ల, డాక్టర్లు నర్సుల కష్టం వల్ల ఆ తమ్ముడు బ్రతికాడు. కానీ వారాల తరబడి మంచంలో ఉన్నాడు. ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయాడు. వాళ్ళ గేదెను అమ్ముకున్నారు. ఇంటికి తెచ్చాక మేము చూడబోయినప్పుడు ఆ తల్లి ఒక మాట అన్నది.

"అయ్యగారూ, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆ రాత్రే ఆటో మాట్లాడదామని వీళ్ళ నాయన అన్నాడు. మీరు వచ్చి ప్రార్థన చేశాక ఆసుపత్రికి పోతే మాకు విశ్వాసం లేదనుకుంటారేమోనని నేనే వద్దన్నా."

మేము వద్దనలేదు కదా అని అంతవరకు మమ్మల్ని మేము సమర్థించుకుంటూ ఉన్నాము. ఆ మాటతో ఆ సమర్థన పోయింది. కాపరి నోటితో చెప్పనిది కూడా మందకు వినబడుతుంది. ఏళ్ళ తరబడి పుల్పిట్ మీద నుండి స్వస్థత సాక్ష్యాలు మాత్రమే చెబుతూ, సకాలంలో డాక్టరు దగ్గరకు వెళ్ళి బ్రతికినవాళ్ళ సాక్ష్యం ఒక్కటి కూడా చెప్పించకపోతే, మందు వేసుకోవడం అవిశ్వాసమని మనం బోధించినట్టే.

ఆ తర్వాత వాక్యాన్ని మళ్ళీ చదివాము. ముందుగా రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయం. ఆసా రాజుకు పాదాలలో జబ్బు వచ్చి, దేవుని వెదకకుండా వైద్యులను వెదికాడని అక్కడ ఉంది. మందులు వద్దనేవారు ఎక్కువగా చూపించే వచనం ఇదే. కానీ ఆ అధ్యాయం మొదటి నుండి చదవండి. ఆసా అప్పటికే దేవుని నమ్మడం మాని సిరియా రాజును ఆశ్రయించాడు. తప్పు చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. అతని దోషం వైద్యుని దగ్గరకు వెళ్ళడం కాదు, దేవుణ్ణి వదిలేయడం.

ఇప్పుడు రెండవ రాజులు 20వ అధ్యాయంలో హిజ్కియాను చూడండి. మరణకరమైన జబ్బు. గోడ వైపు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు, 15 ఏళ్ళ ఆయుష్షు పెంచాడు. వాగ్దానం వచ్చేసింది కదా, ఇక పని ఏముంది అనుకోవచ్చు. కానీ యెషయా ప్రవక్త వెంటనే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయమన్నాడు. వాగ్దానం ఇచ్చిన నోరే మందు కూడా చెప్పింది. ప్రవక్తకు ఆ రెంటి మధ్య గొడవ కనబడలేదు. మనకెందుకు కనబడాలి?

లూకా 10లోని సమరయుడు గాయాలలో నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన పశువు మీద ఎక్కించి సత్రానికి తీసుకెళ్ళాడు, ఖర్చు కూడా పెట్టాడు. నూనె దగ్గరే ఆగలేదు. మేము ఆ శనివారం రాత్రి నూనె దగ్గరే ఆగిపోయాము.

ఇంకొక వచనం మమ్మల్ని ఎక్కువగా గుచ్చింది. యిర్మీయా 6వ అధ్యాయంలో, ప్రజల గాయాన్ని పైపైన మాన్పి, సమాధానం లేనిచోట సమాధానం ఉందని చెప్పే ప్రవక్తలను, యాజకులను దేవుడు గద్దిస్తాడు. నొప్పి తగ్గిన ఆ ఆదివారం మేము చేసింది అక్షరాలా అదే. నొప్పి తగ్గడం వేరు, స్వస్థత వేరు. పరీక్ష చేయించి, కారణం తెలిసి, అది పోయిందని రూఢి అయ్యాక సాక్ష్యం చెప్పుకుందాం. ప్రభువు కూడా తాను బాగుచేసిన కుష్ఠరోగులను వెళ్ళి యాజకునికి చూపించుకోమన్నాడు. చూపించుకోమనడం అవిశ్వాసమైతే ప్రభువు ఆ మాట చెప్పేవాడు కాదు.

కడుపునొప్పి ఒక్కటే కాదు. మన తీరప్రాంతపు ఊళ్ళలో మేము చూస్తున్న మరికొన్ని గుర్తులు రాస్తున్నాము. వీటిలో ఏది కనబడినా తెల్లవారనీ అని ఆగవద్దు.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చెమటలు పడితే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టవద్దు. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం. మెదడులో గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు దాదాపు నాలుగున్నర గంటల లోపే సమయం ఉంటుంది. నాటు పసరు కోసం ఊళ్ళు తిరిగితే ఆ సమయం దారిలోనే అయిపోతుంది. పాము కరిస్తే కోయవద్దు, తాడుతో బిగించవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గర్భిణికి ముఖం వాచి, తల పగిలేలా నొప్పి వచ్చి, కళ్ళు మసకబారితే అది దిష్టి కాదు, తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

నొప్పి లేని గుర్తులు ఇంకా మోసం చేస్తాయి. రొమ్ములో నొప్పి లేని గడ్డ, రెండు వారాలు దాటిన దగ్గు, స్పర్శ లేని మచ్చ, షుగరు ఉన్నవారి కాలికి తెలియకుండా అయిన పుండు. రొయ్యల గుంటల్లో, చేలలో చెప్పులు లేకుండా తిరిగే మన అన్నలు ఈ చివరిది గుర్తుపెట్టుకోవాలి. సిగ్గుపడి చెప్పుకోని అక్కచెల్లెళ్ళు మా ఇంట్లో అమ్మగారితోనైనా చెప్పండి, తోడు వస్తారు.

మన దగ్గర నుండి నెల్లూరు గంటలోపు ప్రయాణం. 2005 నుండి మన రాష్ట్రంలో 108 ఉంది. గాంధీగారికి లాంతరు వెలుగే దిక్కయింది. మనకు అంతకంటే ఎక్కువ ఉంది. ఆ రాత్రి ఆ ఇంటి ముందు మేము నిలబడినప్పుడు కూడా ఇవన్నీ ఉన్నాయి. లేనిది మా నోట ఒక్క మాట.

అందుకని ఇప్పుడు మా పద్ధతి మార్చుకున్నాము. రాత్రి ఎవరైనా ఫోన్ చేసి నొప్పి అంటే, మొదట 108కి చేశారా అని అడుగుతాము. తర్వాత వెళ్తాము. ప్రార్థన బండిలో కూడా చేయవచ్చు. ఆసుపత్రి వరండాలో కూడా చేయవచ్చు. ఖర్చుకు భయపడి ఆగే ఇల్లు ఉంటే సంఘపు పెట్టెలో నుండి ఆ రాత్రికి సరిపడా ఇస్తాము. ఆదివారం సాక్ష్యాల సమయంలో, సకాలంలో ఆసుపత్రికి వెళ్ళి బ్రతికినవారిని కూడా నిలబెడుతున్నాము. మొదట నిలబడింది ఆ తమ్ముడే. చొక్కా మీద నుండే పొట్ట మీద చెయ్యి వేసి, తాను పోగొట్టుకున్న ఏడాది గురించి చెప్పాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేము ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నాము.

చివరిగా తోటి సేవకులకు ఒక మనవి. మీరు ప్రార్థనకు వెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మీ ముఖం చూస్తూ ఉంటారు, ఆసుపత్రికి పోవచ్చా లేదా అని. అడగరు. వాళ్ళు అడగకముందే మీరే చెప్పండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మా దేహాలను నీవే నిర్మించావు. వాటిలో నీవు పెట్టిన హెచ్చరికలను అలక్ష్యం చేసినందుకు క్షమించు. వైద్యుల చేతులను, నర్సుల చేతులను, రాత్రివేళ బండి నడిపే డ్రైవర్లను దీవించు. మా కాపరుల నోట తగిన మాట తగిన గంటలో ఉంచు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.